మెత్తదనానికీ అంటుకునే గుణానికీ సంబంధం ఏమిటి? లెన్స్ పరీక్ష చేస్తున్నవాళ్లకు ఒక పొడవాటి సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సిలికోన్ రబ్బరును మూడు రకాల గట్టిదనంతో పోసుకున్నారు, దానిమీద గాజు లెన్స్ ఆనించి మెల్లగా వెనక్కి లాగుతూ ఎంత బలానికి ఊడుతుందో కొలుస్తున్నారు. మెత్తగా ఉంటే ఎక్కువ అంటుకుంటుందని ల్యాబ్‌లో అందరూ అంటున్నారు. పుస్తకంలో సూత్రం చూస్తే అందులో గట్టిదనం అనే మాటే లేదు. జీవకణాల మీద వచ్చిన ఒక వ్యాసంలో మాత్రం గట్టి ఉపరితలం మీదే బంధాలు ఎక్కువసేపు నిలుస్తాయని రాశారు. ఈ మూడింట్లో ఏది నమ్మాలి అని అడిగారు.

మూడూ నిజమే. గట్టిదనం అణువుల మధ్య ఉండే ఆకర్షణను మార్చదు. అది మార్చేవి రెండు: ఎన్ని అణువులు ఎదుటివాటికి అందేంత దగ్గరికి రాగలుగుతాయి అన్నది ఒకటి, లాగినప్పుడు ఆ బరువును అవి తమలో తాము ఎలా పంచుకుంటాయి అన్నది రెండోది. మొదటి విషయంలో మెత్తదనం లాభం. రెండో విషయంలో చాలాసార్లు గట్టిదనం లాభం. నునుపైన రబ్బరు మీద గుండ్రటి లెన్స్ పెట్టినప్పుడు ఈ రెండూ ఒకదానికొకటి చెల్లుకుపోయి గట్టిదనం లెక్కలోంచి తప్పుకుంటుంది. మీ పుస్తకంలో ఉన్నది ఆ ప్రత్యేక సందర్భం.

నేను పదిహేనేళ్లుగా సిలికోన్, హైడ్రోజెల్ ఉపరితలాల మీద ఇదే పని చేస్తున్నాను. మీకు వచ్చిన అయోమయం నాకూ మొదటి రెండేళ్లు ఉంది, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు అణువుల సంగతి. రెండు ఉపరితలాలు ఎదురెదురుగా ఉన్నప్పుడు వాటి మధ్య పనిచేసేవి ఎక్కువగా వాండర్ వాల్స్ బలాలు, కొన్నిచోట్ల హైడ్రోజన్ బంధాలు. వాండర్ వాల్స్ ఆకర్షణ చాలా దగ్గరి దూరంలోనే పనిచేస్తుంది. రెండు చదునైన ఉపరితలాల మధ్య అది దూరం ఘనానికి విలోమంగా పడిపోతుంది. అంటే 0.3 నానోమీటర్ల దూరం 3 నానోమీటర్లు అయితే ఆకర్షణ వెయ్యో వంతుకు దిగిపోతుంది. ఇక్కడ "తాకడం" అంటే మనం కంటితో చూసే తాకడం కాదు, అణువుకు అణువు పక్కన నిలబడడం. చదరపు మీటరు మేర అలా తాకిన ఉపరితలాలను విడదీయడానికి పట్టే శక్తినే మనం అంటుకునే శక్తి అంటున్నాం. సిలికోన్ ఉపరితల శక్తి చదరపు మీటరుకు 20 మిల్లీజౌల్‌ల చుట్టూ ఉంటుంది, అందుకే సిలికోన్‌ను సిలికోన్ నుంచి విడదీయడానికి అందుకు రెట్టింపు, 40 మిల్లీజౌల్‌ల పైచిలుకు పడుతుంది. మీరు క్రాస్‌లింకర్ (సిలికోన్ గొలుసులను ఒకదానికొకటి ముడివేసి రబ్బరుగా మార్చే పదార్థం) పెంచినా తగ్గించినా పైన కనిపించేవి అవే మిథైల్ గుంపులు, కాబట్టి ఈ అంకె దాదాపు కదలదు. కదిలేది యంగ్ గుణకం, అంటే గట్టిదనాన్ని కొలిచే అంకె. అది మాత్రం విపరీతంగా మారుతుంది: గాజుకు 70 గిగాపాస్కల్‌లు, మామూలు పాళ్లలో పోసిన సిలికోన్‌కు సుమారు 2 మెగాపాస్కల్‌లు, మెత్తటి జెల్‌కు కొన్ని కిలోపాస్కల్‌లు. అంటే ఆకర్షణ దాదాపు అంతే ఉండగా గట్టిదనం కోటి రెట్లు అటూ ఇటూ అవుతోంది. ఫలితం వస్తువును బట్టి ఇంతగా ఎందుకు మారుతుందో ఇక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు మీ లెన్స్. జాన్సన్, కెండాల్, రాబర్ట్స్ ముగ్గురూ 1971లో ఇచ్చిన సిద్ధాంతం (అందరం జేకేఆర్ అంటాం) ప్రకారం ఊడే బలం ఒకటిన్నరను π (పై)తో, అంటుకునే శక్తితో, లెన్స్ వ్యాసార్థంతో గుణిస్తే వస్తుంది. అంతే, గట్టిదనం లేదు. ఒక మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న లెన్స్, చదరపు మీటరుకు 50 మిల్లీజౌల్‌ల అంటుకునే శక్తి తీసుకుంటే 0.24 మిల్లీన్యూటన్ వస్తుంది, అంటే 24 మిల్లీగ్రాముల బరువు. రబ్బరు 2 మెగాపాస్కల్‌లైనా 200 కిలోపాస్కల్‌లైనా అదే అంకె.

కానీ తాకే వృత్తం అదే కాదు. ఏ బరువూ పెట్టకుండా లెన్స్‌ను ఊరికే ఆనిస్తే 2 మెగాపాస్కల్‌ల రబ్బరు మీద తాకే వృత్తం వ్యాసార్థం 64 మైక్రాన్లు, 200 కిలోపాస్కల్‌ల రబ్బరు మీద దాదాపు 138 మైక్రాన్లు వస్తుంది. వైశాల్యంలో నాలుగున్నర రెట్లు ఎక్కువ, అంటే అన్ని రెట్లు ఎక్కువ అణువులు పట్టుకున్నాయి. అయినా ఊడే బలం పెరగలేదు. ఎందుకు?

ఊడడం అంటే అణువులన్నీ ఒకేసారి వదిలేయడం కాదు. అంచు దగ్గర మొదలైన పగులు లోపలికి నడుచుకుంటూ రావడమే ఊడడం. మీరు లాగుతున్నప్పుడు రబ్బరు సాగుతుంది, సాగిన రబ్బరులో శక్తి నిల్వ అవుతుంది, పగులు ఒక అడుగు ముందుకు వేసినప్పుడు విడుదలయ్యే ఆ శక్తే దాన్ని నడిపే ఇంధనం. అదే బలానికి మెత్తటి రబ్బరు ఎక్కువ సాగుతుంది కాబట్టి ఎక్కువ ఇంధనం ఇస్తుంది. అది ఎక్కువ వైశాల్యాన్ని పట్టుకుని సంపాదించిన లాభాన్ని అంచు దగ్గర పోగొట్టుకుంటుంది, గోళాకారంలో ఈ లాభనష్టాలు సరిసమానం అవుతాయి. అయితే ఊడేలోపు లెన్స్ ఎంత దూరం వెనక్కి రావాలో చూడండి. గట్టిదనం పదో వంతైతే ఆ దూరం 4.6 రెట్లు పెరుగుతుంది, విడదీయడానికి చేసే మొత్తం పని కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. చేత్తో ముట్టుకుని "ఇది బాగా జిగటగా ఉంది" అన్నప్పుడు మనకు తెలిసేది ఈ పనే. మీ ల్యాబ్‌లో వాళ్లు చెప్తున్నదీ, మీ పుస్తకం చెప్తున్నదీ వేర్వేరు కొలతలు కాబట్టి గొడవే లేదు.

ఇప్పుడు లెన్స్ తీసేసి చదునైన కొస ఉన్న గాజు కడ్డీ పెట్టండి. కెండాల్ 1971లోనే దీనికీ లెక్క ఇచ్చాడు. ఇక్కడ తాకే వైశాల్యం కడ్డీ కొసతో ఖరారైపోయింది, రబ్బరు మెత్తబడినంత మాత్రాన పెరగదు. మిగిలింది అంచు దగ్గరి నష్టం ఒక్కటే. అందుకని ఊడే బలం గట్టిదనం వర్గమూలంతో పాటు పెరుగుతుంది. 100 మైక్రాన్ల వ్యాసార్థం ఉన్న కొసకు, పైన చెప్పిన అంటుకునే శక్తితోనే, 2 మెగాపాస్కల్‌ల రబ్బరు మీద 1.8 మిల్లీన్యూటన్‌లు, 200 కిలోపాస్కల్‌ల రబ్బరు మీద 0.6 కన్నా కాస్త తక్కువ వస్తుంది. ఆకర్షణ, అణువులు, వైశాల్యం అన్నీ అవే. గట్టిదానిమీద మూడు రెట్లు బలం. ఈ ఒక్క పోలిక సొంతంగా కొలిచి చూస్తే నేను ఎంత రాసినా రాని స్పష్టత మీకు వస్తుంది, ఒక రోజు పని, తప్పకుండా చేయండి. కడ్డీ కొస రబ్బరుకు సమాంతరంగా ఉండాలి, ఏమాత్రం వాలినా అంకె పడిపోతుంది.

మరి నిజజీవితంలో మెత్తటివే అంటుకుంటాయి కదా అంటే, దానికి కారణం గరుకుదనం. పై లెక్కలన్నీ అద్దంలాంటి నునుపు ఉందని అనుకుని చేసినవి, అలాంటి ఉపరితలం చాలా అరుదు.

గరుకుగా ఉన్న ఉపరితలం మీద రబ్బరు పూర్తిగా తాకాలంటే ప్రతి గుంటలోకీ సాగి దిగాలి. దిగడానికి శక్తి ఖర్చవుతుంది, తాకినందుకు ఆకర్షణ వల్ల శక్తి కలిసొస్తుంది. ఖర్చు కంటే రాబడి ఎక్కువైతే దానంతట అదే దిగుతుంది, లేకపోతే కొనల మీద మాత్రమే ఆని ఉండిపోతుంది. ఆ ఖర్చును సుమారుగా లెక్కకట్టాలంటే గట్టిదనాన్ని గరుకు ఎత్తు వర్గంతో గుణించి, ఒక ఎత్తుకూ పక్క ఎత్తుకూ మధ్య దూరంతో భాగించండి. ఒక మైక్రాన్ ఎత్తు, 10 మైక్రాన్ల దూరం అనుకుందాం. 2 మెగాపాస్కల్‌ల రబ్బరుకు చదరపు మీటరుకు 200 మిల్లీజౌల్‌లు ఖర్చు. రాబడి 50. గిట్టదు, అందుకని సరిగ్గా తాకదు. 200 కిలోపాస్కల్‌లకు ఖర్చు 20, గిట్టుబాటే. 20 కిలోపాస్కల్‌ల జెల్‌కు ఖర్చు 2 మాత్రమే, అది నీళ్లు పోసినట్టు గుంటల్లోకి దిగిపోతుంది. అదే గాజుకు గాజు అయితే 100 నానోమీటర్ల దూరంలో ఒకే ఒక నానోమీటరు ఎత్తు ఉన్నా ఖర్చు 700 మిల్లీజౌల్‌లు! అందుకే రెండు గాజు పలకలు ఎంత శుభ్రంగా తుడిచి పెట్టినా మామూలుగా అంటుకోవు, అణువుల స్థాయిలో నునుపుగా చీలే అభ్రకం రేకులు మాత్రం పట్టుకుంటాయి.

ఫుల్లర్, టేబర్ 1975లో రబ్బరు బంతులతో చేసిన ప్రయోగాల్లో చూసింది ఇదే. ఒక మైక్రాన్ స్థాయి గరుకుదనం చాలు అంటుకునే బలం దాదాపు మాయమవడానికి, అదీ గట్టి రబ్బరుకు ముందు, మెత్తదానికి తర్వాత. అంటుకునే టేపుల వాళ్లు వాడే డాల్‌క్విస్ట్ ప్రమాణం వెనుక ఉన్నదీ ఇదే కారణం: జిగురు పదార్థం గట్టిదనం సుమారు 0.1 నుంచి 0.3 మెగాపాస్కల్‌ల లోపు ఉంటేనే వేలితో అలా నొక్కితే చాలు, అంటుకుంటుంది. అంతకన్నా గట్టిదైతే రసాయనపరంగా ఎంత మంచి జిగురైనా ఉపయోగం లేదు, ఎదుటి అణువుల దాకా అది వెళ్లనే లేదు.

బల్లి కాలు కూడా ఈ ఖర్చును తగ్గించుకునే ఏర్పాటే. దాని వేళ్ల కింద ఉండే కెరాటిన్ గిగాపాస్కల్ స్థాయి గట్టిది, మామూలుగా చూస్తే అస్సలు అంటుకోకూడదు. కానీ అది వంద మైక్రాన్ల పొడవున్న సన్నటి రోమాలుగా, ఒక్కో రోమం వందలకొద్దీ పొరల్లాంటి కొనలుగా చీలి ఉంటుంది, కొన వెడల్పు 200 నానోమీటర్ల చుట్టూ. రోమాలు వంగుతాయి కాబట్టి రోమాల గుంపును మొత్తంగా నొక్కితే గట్టిదనం 100 కిలోపాస్కల్‌ల చుట్టూ వస్తుంది, అంటే పదార్థం గట్టిదే అయినా దాని ఆకారం మెత్తగా ప్రవర్తిస్తోంది. 2000లో టోకే బల్లి రోమం ఒక్కదాన్ని విడిగా కొలిస్తే దాదాపు 200 మైక్రోన్యూటన్‌ల బలం వచ్చింది. మెత్తదనం అంటే పదార్థం గుణకం ఒక్కటే కాదని గుర్తుపెట్టుకోవడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇక మీరు అడిగిన మూడో సంగతి, కణాల వ్యాసం. ఇక్కడ పట్టుకునేవి విడి విడి అణు జంటలు: ఒక వైపు గ్రాహకం (కణం మీద ఉండే, పట్టుకునే అణువు), రెండో వైపు దానికి సరిపోయే అణువు. ఇవి ఎల్లకాలం పట్టుకుని ఉండవు, ఉష్ణ కదలికల వల్ల వాటంతట అవే ఊడుతూ మళ్లీ పట్టుకుంటూ ఉంటాయి. బెల్ అనే శాస్త్రవేత్త 1978లో చెప్పినదాని ప్రకారం బంధాన్ని లాగితే అది ఊడే రేటు బలంతో పాటు ఘాతాంక రూపంలో పెరుగుతుంది. గది ఉష్ణోగ్రతలో ఉష్ణశక్తి 4.1 పికోన్యూటన్-నానోమీటర్లు, బంధం ఊడడానికి సాగాల్సిన దూరం అర నానోమీటరు అనుకుంటే ప్రతి 8 పికోన్యూటన్‌లకూ ఊడే రేటు దాదాపు 2.7 రెట్లవుతుంది. అంత సున్నితమైన చోట గట్టిదనం మూడు రకాలుగా వేలు పెడుతుంది.

ఒకటి, బలం పెరిగే వేగం. మీరు స్థిరమైన వేగంతో లాగుతుంటే బంధం మీద బలం ఎంత త్వరగా పెరుగుతుందన్నది ఆ వేగాన్ని మొత్తం స్ప్రింగ్ గట్టిదనంతో గుణిస్తే వస్తుంది. బంధం, దాన్ని మోసే పొడవాటి అణువు, కింద ఉన్న జెల్, మీ పరికరం స్ప్రింగ్ అన్నీ వరుసగా కట్టిన స్ప్రింగులే, వాటిలో అన్నింటికన్నా మెత్తటిదే మొత్తాన్ని శాసిస్తుంది. 1 కిలోపాస్కల్ జెల్ మీద ఒక మైక్రాన్ మచ్చను (బంధాలు పట్టుకున్న చిన్న చోటును) లాగితే దాని స్ప్రింగ్ గట్టిదనం నానోమీటరుకు ఒక పికోన్యూటన్ స్థాయిలో ఉంటుంది. పది నానోమీటర్ల మచ్చ అయితే అందులో వందో వంతు, మామూలుగా అణువు గొలుసు కన్నా మెత్తన. కాబట్టి మెత్తటి జెల్ మీద బలం మెల్లగా పెరుగుతుంది, బంధానికి తక్కువ బలం దగ్గరే ఊడిపోవడానికి తీరిక దొరుకుతుంది. పైన చెప్పిన అంకెలతోనే చూస్తే బలం పెరిగే వేగం పదో వంతైతే ఊడే బలం దాదాపు 19 పికోన్యూటన్‌లు తగ్గుతుంది. బంధం బలహీనపడలేదు, కొలిచే తీరు మారింది. ఇది తెలియకుండా "మెత్తటి జెల్ మీద బంధం బలహీనం" అని రాసేస్తుంటారు, దయచేసి మీరు అలా రాయకండి.

రెండు, బరువు పంపకం. వెయ్యి బంధాలున్న గుంపును లాగితే అందరికీ సమానంగా బరువు పడుతుందా? కింద ఉన్నది గట్టిదైతే దాదాపు సమానంగా పడుతుంది. మెత్తదైతే మధ్యలో ఉన్నవి హాయిగా ఉంటాయి, అంచున ఉన్నవి బరువంతా మోస్తాయి, అవి ఊడగానే పక్కవాటి మీద పడుతుంది, అలా వరుసగా ఊడుకుంటూ పోతుంది. లెన్స్ దగ్గర చెప్పిన పగులు కథే, ఇక్కడ అణువుల లెక్కన చూస్తున్నాం. ఎంత పెద్ద గుంపు దాకా సమానంగా పంచుకోగలదో తెలుసుకోవాలంటే ఉపరితలం గట్టిదనాన్ని, చదరపు మీటరుకు ఉన్న బంధాల సంఖ్యనూ ఒక్కో బంధం స్ప్రింగ్ గట్టిదనాన్నీ గుణించగా వచ్చినదానితో భాగిస్తే ఒక పొడవు వస్తుంది. చదరపు మైక్రానుకు 1000 బంధాలు, ఒక్కోదాని గట్టిదనం నానోమీటరుకు పావు పికోన్యూటన్ అనుకుంటే, 10 కిలోపాస్కల్‌ల జెల్‌కు ఆ పొడవు 40 నానోమీటర్లు, ఒక మెగాపాస్కల్ రబ్బరుకు 4 మైక్రాన్లు. కణం పట్టుకునే మచ్చలు మైక్రాన్ స్థాయివి, అంటే జెల్ మీద అంచు బంధాలే నలిగిపోతాయి, రబ్బరు మీద గుంపంతా కలిసి మోస్తుంది. గట్టిదానిమీద బంధాలు ఎక్కువసేపు నిలుస్తాయన్న వాదనకు అసలు ఆధారం ఇదే అని నా నమ్మకం. ఇదే లెక్క చిన్న మచ్చలకు ఎందుకు లాభమో కూడా చెప్తుంది, ఆ పొడవు కన్నా చిన్నదైతే మెత్తటి జెల్ మీద కూడా అందరూ సమానంగా మోస్తారు.

మూడోది, ఊడిన బంధం మళ్లీ పట్టుకోవడం. గట్టి ఉపరితలం మీద ఒక బంధం ఊడినా పక్క బంధాలు రెండు ఉపరితలాలనూ అంతే దూరంలో పట్టి ఉంచుతాయి, జంట ఎదురెదురుగానే ఉంటుంది, మళ్లీ కలిసే అవకాశం ఎక్కువ. మెత్తదానిమీద అయితే సాగి ఉన్న ఉపరితలం ఊడిన చోట వెనక్కి తగ్గి సందు తెరుచుకుంటుంది. కొన్ని నానోమీటర్ల సందు చాలు, ఆ జంట మళ్లీ కలవదు.

బతికున్న కణం దగ్గర ఇంకా చిక్కు ఉంది, అది తనంతట తాను లాగుతుంది. చాన్, ఆడ్డే 2008లో చూపించినట్టు మెత్తదానిమీద బలం మెల్లగా పెరిగి బంధాలన్నీ పట్టుకున్నాక ఒక్కసారిగా తెగిపోతాయి, గట్టిదానిమీద బలం ఎంత వేగంగా పెరుగుతుందంటే బంధాలు పోగయ్యేలోపే ఊడిపోతూ జారుతూ ఉంటాయి. దీనికితోడు కొన్ని బంధాలు (కణాలను పట్టుకునే సెలెక్టిన్ అనే ప్రోటీన్ అణువుల మీద 2003లో నేరుగా కొలిచారు) లాగితే ఒక హద్దు దాకా ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. కాబట్టి కణాల వ్యాసంలోని తీర్పును మీ రబ్బరుకు నేరుగా అంటించకండి.

ఇంతవరకూ చెప్పింది సాగి తిరిగి వచ్చే పదార్థం గురించి. మీ చేతిలో ఉన్న రబ్బరు అలా శుభ్రంగా ఉండదు. మెత్తటి రబ్బరు చాలావరకు జిగటది కూడా (ఇక్కడ జిగట అంటే అంటుకోవడం కాదు, తేనెలా మెల్లగా కదిలే గుణం), సాగినప్పుడు శక్తిని వేడిగా పోగొడుతుంది. పగులు నడిచేటప్పుడు దాని మొన దగ్గర జరిగే ఈ నష్టం అణువుల ఆకర్షణను గుణించినట్టు పనిచేస్తుంది, వేగంగా లాగితే ఇంకా ఎక్కువ. అంటుకునే టేపును ఒలిచేటప్పుడు పట్టే శక్తి చదరపు మీటరుకు వందల జౌల్‌లు కూడా ఉంటుంది, అందులో అణువుల ఆకర్షణ వాటా వేలో వంతు. అయినా ఆ వేలో వంతు లేకపోతే మిగతాది లేదు, ఎందుకంటే పదార్థాన్ని అంతగా సాగదీసేదాకా పట్టి ఉంచింది అదే. మెత్తటిది ఎక్కువ అంటుకుంటోందని తేల్చేముందు ఊడదీసే వేగాన్ని పది రెట్లు, వంద రెట్లు తగ్గించి చూడండి. తేడా వేగంతో పాటు కరిగిపోతే అది గట్టిదనం వల్ల వచ్చినది కాదు, జిగట వల్ల వచ్చినది.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను, మీ మూడు నమూనాలకు నేరుగా సంబంధించినది. నేనూ మొదట్లో సిలికోన్‌నూ క్రాస్‌లింకర్‌నూ 10కి 1, 20కి 1, 30కి 1 పాళ్లలో కలిపి పోశాను. 30 పాళ్లది మిగతావాటికన్నా చాలా ఎక్కువ బలానికి ఊడింది, సూత్రం తప్పని నమ్మి నెలల తరబడి దానికి కారణాలు వెతికాను. చివరికి నాకు పాఠం చెప్పింది లెన్స్. ఊడదీసిన తర్వాత దాన్ని మైక్రోస్కోపు కింద పెడితే తాకిన చోట సన్నటి నూనె వలయం కనిపించింది. క్రాస్‌లింకర్ తక్కువైనప్పుడు వలలో చేరని గొలుసులు రబ్బరులో మిగిలిపోతాయి, అవి పైకి వచ్చి అంచు దగ్గర చేరి కేశనాళిక బలంతో (సన్నటి సందులో చేరిన ద్రవం రెండు వైపులనూ దగ్గరికి లాగే బలంతో) లాగుతాయి. నమూనాలను కొన్ని రోజులు హెక్సేన్ అనే ద్రావకంలో నానబెట్టి, మార్చి మార్చి కడిగి, మెల్లగా ఆరబెట్టి మళ్లీ కొలిస్తే ఆ తేడాలో ఎక్కువ భాగం పోయింది. అయితే గొలుసులు తీసేస్తే రబ్బరు గట్టిపడుతుంది కూడా, కాబట్టి కడిగాక గట్టిదనాన్ని మళ్లీ కొలవాలి, పాత అంకె వాడకూడదు. పాళ్లు మార్చడం అంటే గట్టిదనం ఒక్కటే మార్చడం కాదని ఆ రోజు నుంచి ప్రతి కొత్త విద్యార్థికీ మొదటి వారమే చెప్తున్నాను. పాలీయాక్రిలమైడ్ జెల్‌తోనూ ఇదే తిప్పలు: గట్టిదనం కోసం పాలిమర్ పాళ్లు పెంచితే ఉపరితలం మీద అణువులు కట్టే చోట్లు కూడా మారతాయి.

మరో రెండు జాగ్రత్తలు. పొర మందం చూసుకోండి, గాజు పలక మీద పలచగా పోసిన రబ్బరు కింద ఉన్న గాజును "తెలుసుకుంటుంది". మందం తాకే వృత్తం వ్యాసార్థానికి కనీసం పది రెట్లు ఉంటేనే పై లెక్కలను నేను నమ్ముతాను, మీ మెత్తటి నమూనాకు 138 మైక్రాన్ల వృత్తం వస్తే దాదాపు మిల్లీమీటరున్నర మందం కావాలి. రెండోది, అణుబల సూక్ష్మదర్శినితో (సన్నటి మొనతో ఉపరితలాన్ని తడిమి బలం కొలిచే పరికరంతో) చేస్తుంటే గట్టి, సన్నటి మొనలకు జేకేఆర్ వాడకండి. 20 నానోమీటర్ల మొనను గాజులాంటి గట్టి పదార్థం మీద పెట్టినప్పుడు టేబర్ సంఖ్య (ఆకర్షణ వల్ల పదార్థం సాగే దూరాన్ని ఆకర్షణ అందే దూరంతో పోల్చి చెప్పే అంకె) 0.1 కన్నా తక్కువ, అక్కడ డెర్జాగిన్, ముల్లర్, టోపరోవ్ 1975లో ఇచ్చిన లెక్క సరిపోతుంది, ఊడే బలంలో ఒకటిన్నర స్థానంలో రెండు వస్తుంది. మీ మిల్లీమీటరు లెన్స్‌కు, సిలికోన్‌కు ఆ సంఖ్య వేలల్లో ఉంటుంది కాబట్టి జేకేఆర్ నిశ్చింతగా వాడొచ్చు.

కిలోపాస్కల్ స్థాయి జెల్‌లకు వెళ్తే మాత్రం అదీ సరిపోదు. ఉపరితల తన్యతను గట్టిదనంతో భాగిస్తే వచ్చే పొడవు 1 కిలోపాస్కల్ దగ్గర 30 మైక్రాన్ల వరకు ఉంటుంది. అంతకన్నా చిన్న గింజలను జెల్ మీద పెడితే వాటిని ఆపేది సాగుడు బలం కాదు, ఉపరితల తన్యతే. ద్రవం మీద తేలే గింజలాగా సగం మునిగి కూర్చుంటాయి. ఇది 2013 ప్రాంతంలో సిలికోన్ జెల్ మీద గాజు గింజలతో స్పష్టంగా చూపించారు.

మీ విషయంలో నేను చేసే క్రమం ఇది. ముందు ఒక్కో నమూనా గట్టిదనాన్ని విడిగా కొలవండి, డబ్బా మీద రాసిన అంకె వద్దు. ఆ తర్వాత ఊడే బలం ఒక్కటే కాకుండా నొక్కేటప్పుడూ లాగేటప్పుడూ తాకే వృత్తం వ్యాసార్థాన్ని కూడా బలంతో పాటు రికార్డు చేయండి. నొక్కేటప్పటి వక్రం నుంచి వచ్చే అంటుకునే శక్తి మూడు నమూనాలకూ దగ్గర దగ్గరగా ఉండి, లాగేటప్పటిది మాత్రం మెత్తటిదానికి బాగా ఎక్కువ వస్తే తేడా జిగటలోనో మిగిలిపోయిన గొలుసుల్లోనో ఉంది. రెండూ మూడింటికీ ఒకేలా వస్తే మీ పుస్తకంలో సూత్రం మీ రబ్బరుకు పనిచేస్తోందని అర్థం. నొక్కేటప్పుడే గట్టిదానికి తక్కువ వస్తే గరుకుదనం కొలవండి, ముఖ్యంగా అచ్చు పోసిన పాత్ర అడుగు ఎలా ఉందో చూడండి, ప్లాస్టిక్ పాత్ర గీతలన్నీ రబ్బరు మీద అచ్చుగుద్దినట్టు దిగుతాయి.

లెన్స్ వ్యాసార్థం, పొర మందం, లాగిన వేగం, ఆనించి ఉంచిన సమయం రాసి ఆ రెండు వక్రాలూ ఇక్కడే పెట్టండి, నేను చూసి మీ మూడు నమూనాల్లో ఏది ఎటు లాగుతోందో చెప్తాను.